‘ఏదైనా పర్లేదు బాబాయ్’
డెల్టావాసి

"ఏం చేస్తున్నావురా?" అని అడిగితే మా వైపు కుర్రాళ్లు ఈమధ్య ఒకటే జవాబు చెబుతున్నారు: "ట్రయల్స్‌లో ఉన్నా." చెప్పేటప్పుడు వాళ్ల కళ్లు మన మొహం మీద ఉండవు, కాలి చెప్పుల మీద ఉంటాయి. పోయిన నెల తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూచున్నాను. భట్టిప్రోలు వైపు అబ్బాయి ఒకడు నన్ను చూసి స్తంభం చాటుకు తప్పుకోబోయాడు. వాళ్ల నాన్న నాకు బాగా తెలుసు. కేకేసి పక్కన కూచోబెట్టుకున్నాను. బీఎస్సీ కంప్యూటర్స్ అయి పదమూడు నెలలైందట. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. విజయవాడలో ఏదో జాబ్‌మేళాకు వెళ్లి వస్తున్నాడు.

"ఎక్కడెక్కడ ప్రయత్నిస్తున్నావు?"

"అన్నిచోట్లా బాబాయ్."

"ఏ ఉద్యోగం కావాలి?"

"ఏదైనా పర్లేదు బాబాయ్."

హైదరాబాదులో ఇరవై ఏళ్లు ఒక కంపెనీలో కొత్తవాళ్లను ఎంపిక చేసే పనిలో ఉన్నాను. ఈ "ఏదైనా పర్లేదు" అన్న మాట ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పేవాడు అణకువతోనే చెబుతాడు. ఇంట్లో అమ్మానాన్నల మొహం చూడలేక చెబుతాడు. వినేవాడికి మాత్రం పట్టుకోవడానికి ఏమీ దొరకదు. సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన అన్నయ్యతో "ఏదైనా ఉంటే చూడన్నా" అంటే, "సరే, రెజ్యూమ్ వాట్సాప్ చెయ్యి" అంటాడు. కనుమ నాటికి ఆ రెజ్యూమ్ ముగ్గుల ఫొటోల అడుగున పడిపోతుంది. అతను చెడ్డవాడేం కాదు. దాన్ని ఎవరికి పంపాలో అతనికి తెలియదు, అంతే. అదే "అన్నా, తెనాలిలో ఆడిటర్ గారి దగ్గర ఆరు నెలలు జీఎస్టీ రిటర్నులు వేశాను, ట్యాలీ వచ్చు, గుంటూరులోనో విజయవాడలోనో అకౌంట్స్ పని చూసుకుంటున్నాను, ఆ లైన్లో మీకు తెలిసినవాళ్లు ఎవరున్నారు?" అని అడిగితే, అతని మనసులో వెంటనే ఎవరో ఒక మనిషి మెదులుతాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మనైనా పప్పు వెయ్యమంటున్నామో పెరుగు వెయ్యమంటున్నామో చెప్పాలి కదా.

సరే, ఎవర్ని అడగాలి? మనకు బాగా దగ్గరివాళ్లనే అడగాలనుకుంటాం. మేనమామ, బాబాయి, పక్కింటి ఆయన. వాళ్లకు తెలిసిన ఖాళీలు చాలావరకు మనకీ ముందే తెలిసి ఉంటాయి, ఎందుకంటే వాళ్లూ మనమూ తిరిగేది ఒకే వీధిలో. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో బోస్టన్ పక్కన ఉన్న న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగం మారిన చదువుకున్నవాళ్లను కూచోబెట్టి, ఈ ఉద్యోగం మీకు ఎలా తెలిసిందని అడిగాడు. సగానికి పైగా మనుషుల ద్వారానే తెలిసిందన్నారు. ఆ కబురు చెప్పినవాడిని మీరు తరచూ కలుస్తారా అంటే, అవునన్నవాళ్లు నూటికి 17 మందే. మిగతా అందరికీ దారి చూపినవాళ్లు ఎప్పుడో ఒకసారి కలిసే మనుషులు, దాదాపు మరచిపోయిన మనుషులు. 1973లో ఆయన రాసిన ఆ వ్యాసం ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారు. 2022లో వెలువడిన, లింక్‌డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్ల పాటు జరిగిన పరిశీలన కూడా అటే మొగ్గింది: మరీ దగ్గరివాళ్ల కంటే కొంచెం దూరపు పరిచయాలే ఉద్యోగానికి ఎక్కువ దారి తీశాయి.

అలాంటి దూరపు పరిచయాలు మన డెల్టాలో ఉన్నన్ని ఇంకెక్కడ ఉంటాయి? తెనాలి నుంచి రేపల్లెకు 34 కిలోమీటర్ల రైలుదారి. ఆ బండిలో గంటసేపు కూచుంటే వేమూరు టీచరు, రేపల్లె బ్యాంకు ఉద్యోగి, గుంటూరు ఆస్పత్రిలో ల్యాబ్ చూసే అమ్మాయి, నిజాంపట్నం రొయ్యల ఎగుమతిదారు దగ్గర లెక్కలు రాసే గుమాస్తా అందరూ ఎదురుపడతారు. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లలో వరసలో కూచుంటే హైదరాబాదు, చెన్నై, డల్లాస్ వాళ్లు కనిపిస్తారు. మన కుర్రాళ్లు సరిగ్గా అక్కడికే రావడం మానేస్తారు. "అందరూ ఏం చేస్తున్నావని అడుగుతారు" అని పెళ్లికి రారు, బారసాలకు రారు, గదిలో తలుపేసుకుని ఫోన్లో వందలకొద్దీ అప్లికేషన్లు నొక్కుతూ ఉంటారు. డిగ్రీ అయ్యాక ఎనిమిది నెలలు నేనూ అలాగే దాక్కున్నాను. ఆ ఎనిమిది నెలలు ఎలా ఉంటాయో తెలుసు కాబట్టే చెబుతున్నాను. ఉద్యోగం లేకపోవడం తప్పు కాదమ్మా, నాన్నా. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

దూరపు పరిచయస్తుణ్ని నేరుగా ఉద్యోగం ఇప్పించమంటే ఇబ్బంది పడతాడు. "మీ దగ్గర ఈ పనికి ఎలాంటివాళ్లను తీసుకుంటారు? ఏం నేర్చుకుని రావాలి? ఒక పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అంటే ఎవరూ కాదనరు. తన పని గురించి చెప్పమంటే చెప్పని మనిషిని నేను చూడలేదు.

ఆ అబ్బాయి ఫైలు తెరిపించాను. రెజ్యూమ్ రెండు పేజీలు. పైన ‘ఆబ్జెక్టివ్’ అని నాలుగు లైన్లు, సంస్థ ఎదుగుదలతో పాటు నేనూ ఎదగాలని నా ఆశయం అన్న ధోరణిలో. ఆ నాలుగు లైన్లూ అక్షరం పొల్లు పోకుండా వేల రెజ్యూముల్లో చదివాను. కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, హాబీలు: క్రికెట్, పాటలు వినడం. చివర పైన రాసిందంతా నిజమని ఒక ప్రమాణం, సంతకం.

"ఈ పదమూడు నెలలూ ఇంట్లో ఏం చేశావు?" అన్నాను.

"ఖాళీగానే ఉన్నా బాబాయ్. నాన్న చెరువులు చూసుకునేవాణ్ని."

మూడు వనామీ రొయ్యల చెరువులు. రోజుకు నాలుగుసార్లు మేత. చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చూసి తర్వాతి పూట మోతాదు తగ్గించడం, పెంచడం. వారానికోసారి వల విసిరి కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో, అదే కౌంట్, చూడటం. వాళ్ల నాన్న ఇదంతా గోడ క్యాలెండర్ మీద పెన్సిలుతో రాసుకునేవాడట. ఈ అబ్బాయి దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించి, కిలో రొయ్యకు ఎంత మేత పట్టిందో చెరువువారీగా లెక్క తీశాడు. రెండో చెరువులో మేత వృథా అవుతోందని ఆ లెక్క వల్లే బయటపడిందట. చుట్టుపక్కల ముగ్గురు రైతులు తమకూ అలాంటి ఫైలు చేసిపెట్టమన్నారట.

ఇవేవీ ఆ రెండు పేజీల్లో లేవు. నాన్న పని కదా, జీతం రాలేదు కదా, అదేం అనుభవం అనుకున్నాడు. నేనే గనక ఎంపిక చేసే కుర్చీలో ఉంటే ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయేవాణ్ని. మూడు చెరువులు, ఏడాది లెక్కలు, ఒక తప్పు పట్టుకున్నాడు, ముగ్గురు బయటివాళ్లు వచ్చి అడిగారు. మన ఇళ్లలో పిల్లలు ఇలాంటివి ఎన్నో చేస్తారు. మినప మిల్లులో సరుకు లెక్క చూస్తారు, అమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రాస్తారు, అక్క చీరల వ్యాపారాన్ని ఫోన్లో నడిపిస్తారు. అడిగితే మాత్రం ఖాళీగా ఉన్నామంటారు.

ఇక్కడ తెనాలి మనిషి ఒకాయన గుర్తొస్తున్నాడు. రచయిత కొడవటిగంటి కుటుంబరావు. 1909లో తెనాలిలో పుట్టి, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చెయ్యాలని కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులు, చదువు మధ్యలో ఆగిపోయింది. తర్వాత సిమ్లా, బొంబాయి, ఒరిస్సాలో జయపురం, ఎక్కడెక్కడో చిన్నా పెద్దా కొలువులు చేశాడు. ఏ ఉద్యోగంలో ఉన్నా రాయడం ఆపలేదు. 1952లో ‘చందమామ’లో చేరి 1980లో కన్నుమూసే దాకా అక్కడే ఉన్నాడు. నాగిరెడ్డితో కలిసి ఆ పత్రిక పెట్టిన చక్రపాణిదీ తెనాలే. ఊరివాడన్న పరిచయం ఉండొచ్చు, కానీ అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆయన ఏం రాయగలడో తెలుగు పాఠకులందరికీ తెలుసు. మన పని నలుగురి కంటా పడి ఉంటే, పరిచయస్తుడు కూడా ధైర్యంగా మన పేరు చెబుతాడు.

మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన ఇంకో చిక్కు చెప్పాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం. పాన్ కార్డులో అసలు పేరు ముందుకొచ్చి ఇంటిపేరు వెనక్కి పోతుంది. ఉద్యోగం ఖాయమై, చేరే తేదీ ఇచ్చాక, పీఎఫ్ నంబరు తియ్యబోతే ఆధార్‌కీ సర్టిఫికెట్లకీ పేరు కలవక ఆగిపోయిన పిల్లల్ని చూశాను. ఒకమ్మాయి పేరులో ఒక అక్షరం తేడా వల్ల మూడు వారాలు మీసేవా చుట్టూ తిరిగింది. ఖాళీ ఉన్న ఈ రోజుల్లోనే సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పరిచి చూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో మిగతావన్నీ అలా మార్పించుకోండి. ఇది ఒక పూట కూచుని చూసుకునే పనే, తర్వాత చాలా ఏడుపు తప్పిస్తుంది.

040తోనో 080తోనో మొదలయ్యే నంబరు వస్తే లోన్ వాళ్లనుకుని కట్ చేయకండి. హైదరాబాదు, బెంగళూరు కంపెనీల పిలుపులు అలాగే వస్తాయి. ఎక్కడెక్కడ అప్లై చేశామో గుర్తుండదు కాబట్టి, ఫోనెత్తి "ఏ కంపెనీ అండీ?" అని తడబడతారు. తెనాలి బజారులో పాతకాలపు షావుకార్లు చిట్టా, ఆవర్జా రాసేవారు. ఏ రోజు ఏం జరిగిందో చిట్టాలో, ఎవరి ఖాతా ఎక్కడుందో ఆవర్జాలో. ఉద్యోగం వెతికేవాడికీ అలాంటి నోటుబుక్కు ఒకటి కావాలి. ఏ తేదీన ఎవరికి పంపాను, ఎవరితో మాట్లాడాను, మళ్లీ ఎప్పుడు అడగాలి. పది రోజులైనా జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తు చెయ్యాలి. రోజుకు వంద బటన్లు నొక్కడం కంటే వారానికి పది అప్లికేషన్లు, ఒక్కోదానికీ రెజ్యూమ్ కొంచెం మార్చి పంపడం మేలని నా అనుభవం.

సర్కారు ఉద్యోగం కోసం చదవడాన్ని నేను కాదనను. కానీ టీచర్ పోస్టుల డీఎస్సీ సంగతే చూడండి. 2018 నోటిఫికేషన్ తర్వాత, 2024 ఫిబ్రవరిలో ఇచ్చింది రద్దై, 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చేసరికి 2025 ఏప్రిల్ అయింది. దాదాపు ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ పుస్తకం తప్ప వేరే పని ముట్టనివాళ్లు ఏమైపోయారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. చిన్నదో పెద్దదో ఒక పనిలో ఉండి, తెల్లవారుజామున రెండు గంటలు చదివి పోస్టు కొట్టినవాళ్లూ ఉన్నారు. బాపట్ల వ్యవసాయ కళాశాల పిల్లలు ఈ విషయంలో తెలివిగా ఉంటారు. ఒక చేత్తో వ్యవసాయాధికారి పోస్టుకు, ఇంకో చేత్తో బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు, ఈలోగా విత్తన కంపెనీల్లో పనికి సిద్ధమవుతారు. ఒకే తలుపు ముందు కూచోరు.

డిగ్రీ, డిప్లొమా అయినవాళ్లకు అప్రెంటిస్‌షిప్ అనే దారి ఉందని మన వైపు చాలామందికి తెలియదు. 1961 చట్టం కింద నడుస్తుంది, కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. ఏడాది పని చేస్తే రెజ్యూమ్‌లో రాసుకోవడానికి నిజమైన అనుభవం దొరుకుతుంది. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచి ఉంది, రిజిస్ట్రేషన్‌కు పైసా అక్కర్లేదు.

పైసా అన్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఉద్యోగం ఇస్తామని ముందు డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ ఫీజన్నా, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ అన్నా సరే. మా బంధువులమ్మాయి ఒకతె బ్యాక్‌డోర్ ఆఫర్ అంటూ లక్షన్నర పోగొట్టుకుంది. వాళ్ల నాన్న అర ఎకరం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. కంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాల చేతిలో మన ఆంధ్రా పిల్లలూ చిక్కుకున్నారు. విదేశీ ఉద్యోగాల ఏజెంటు కేంద్రం దగ్గర రిజిస్టరయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. లేని అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్లు కొనుక్కోవడం కూడా వద్దు. ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పని చేశారో పీఎఫ్ ఖాతాలోనే కనిపిస్తుంది, కంపెనీలు దాన్ని చూస్తాయి.

పెళ్లయి, పిల్లలు పుట్టి, ఐదారేళ్ల తర్వాత మళ్లీ పని వెతుక్కునే ఆడపిల్లల్ని చూస్తే నాకు ఎక్కువ బాధ. బాపట్లలో ఒకావిడ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఆరేళ్ల ఖాళీని ఎలా కప్పిపుచ్చాలని అడిగింది. కప్పొద్దన్నాను. "ఇద్దరు పిల్లల్ని పెంచాను, నాలుగేళ్లుగా ఇంటి దగ్గర పన్నెండు మందికి సైన్సు చెబుతున్నాను, ఇప్పుడు రోజూ గుంటూరు వచ్చి వెళ్లగలను" అని ఉన్నదున్నట్టు రాయించాను. అత్తగారిని ఒప్పించడానికి రైలు టైములు కూడా ఆ కాగితం వెనకే రాసుకుంది. ఇప్పుడు జూనియర్ కాలేజీలో చెబుతోంది.

రేపల్లె బండి వచ్చింది. కిటికీ పక్కన కూచుని ఆ అబ్బాయి రెజ్యూమ్ వెనక పేజీలో చెరువుల సంగతి ఆరు లైన్లలో రాశాడు. రాసింది చదివి, "భీమవరంలో మేత కంపెనీలో ఒకాయన ఉన్నాడు బాబాయ్. మా అక్క పెళ్లికి మగపెళ్లివారి తరఫున వచ్చాడు. ఒక్కసారే చూశా. ఇప్పుడు చేస్తే ఏమనుకుంటాడో" అన్నాడు. నేనేమీ అనలేదు. జంపని దాటాక ఫోన్ తీశాడు.

"అన్నా, నమస్తే. నేను గుర్తున్నానా... భట్టిప్రోలు పెళ్లిలో వడ్డనలో ఉన్నాను. లేదన్నా, ఉద్యోగం అడగడానికి కాదు. మీ దగ్గర చెరువుల డేటా చూసేవాళ్లను ఎలా తీసుకుంటారో కనుక్కుందామని."

వేమూరులో జనం ఎక్కారు, దిగారు. ఫోన్ చెవికి ఆనించుకుని తలుపు దగ్గరికి వెళ్లి మాట్లాడుతూనే ఉన్నాడు. పెనుమర్రు దగ్గర తిరిగొచ్చి కూచున్నాడు.

"ఆ ఎక్సెల్ ఫైలు రేపు పంపమన్నాడు బాబాయ్. రెండో చెరువుది ముందు పంపమన్నాడు."