విత్తనానికి మినీకిట్ ఉంది, పోర్టల్‌కు ఏది?



వరంగల్ పరిశోధన స్థానంలో తయారైన వరి రకం ఏదైనా నేరుగా మీ పొలానికి రాదు. ముందు స్థానంలో కొన్ని సీజన్లు పండిస్తారు. తర్వాత మినీకిట్లు ఇచ్చి రైతుల పొలాల్లో చూస్తారు. దోమను తట్టుకుంటదా, గాలికి పడిపోతదా, మిల్లరు కొంటడా అన్నీ తేలినంకనే విడుదల. వరంగల్ సన్నాలు ఆ స్థానం నుంచి వచ్చిందే. మరి మీ భూమి లెక్క రాసే కంప్యూటర్ పోర్టల్‌కు ఈ ఓపిక ఎందుకు ఉండకూడదు?

ధరణి సంగతే చూడండి. 2020 అక్టోబర్ 29న రాష్ట్రమంతటా ఒకేసారి మొదలైంది. అందులో మంచి లేదనలేం. తహశీల్దారు ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట కావడం చిన్న సంగతి కాదు. కానీ 2017లో జరిగిన రికార్డుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులు కూడా అట్లనే అందులోకి పోయినయి. ఒకరికి రెండు గుంటలు తగ్గె, ఒకరి పేరు మారె, ఇంకొకరి సర్వే నంబరే కనపడకపాయె, మరొకరి పట్టా భూమి నిషేధిత జాబితాల పడె. తర్వాత ఒక్కో తప్పుకు ఒక్కో మాడ్యూల్ అంటూ చేర్చుకుంటూ పోయారు. పాసుపుస్తకం దిద్దుబాటుకు టి.ఎం. 33 అన్నారు. ఏ తప్పుకు ఏ నంబరో మీసేవల కూసున్న పిల్లగానికి కూడా అంతుపట్టని రోజులవి. వేరే మాడ్యూల్లో పెడితే దరఖాస్తు తిరస్కరణ, కట్టిన ఫీజు గోవిందా. ఊళ్లె అడుగుదామంటే వీఆర్వో వ్యవస్థ అదే ఏడాది రద్దయింది. లోపల తప్పు అట్లనే ఉంచి పైన కొత్త సౌకర్యాలు పెట్టుడంటే ఊట లేని బావికి కొత్త మోటారు బిగించినట్టే.

భూభారతి కొంత నయం. 2025 ఏప్రిల్‌లో ముందు నాలుగు మండలాల్లో చూశారు. మన పక్కనున్న ములుగు జిల్లా వెంకటాపూర్ అందులో ఒకటి. జూన్‌లో అన్ని మండలాల్లో రెవెన్యూ సదస్సులు పెట్టారు. చట్టంలో అప్పీలుకు దారి కూడా ఇచ్చారు. అయితే ఆ నాలుగు మండలాల నుంచి రాష్ట్రమంతటికీ రావడానికి రెండు నెలలు పట్టలేదు. వరికైతే అది ఒక్క పంటకాలం కూడా కాదు!

అదే ఏడాది సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు, స్లాట్ తప్పనిసరి అయినయి. కేంద్రం ముందు రాత్రుళ్లు బండ్ల కాడ పడిగాపులు తప్పాలన్న ఆలోచన మంచిదే. కానీ ఓటీపీ వచ్చే ఫోను పట్నంలో ఉన్న కొడుకు దగ్గర ఉంటే? అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చె, పత్తి తడిసె. తేమ 12 శాతం దాటితే కొనరు, స్లాట్ తారీఖేమో ఆగదు. పత్తి ఏరే కూలీ అక్కను అడిగినా ఈ చిక్కు ముందే చెప్పును.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల అధికారులను మేము అడిగేది పెద్దదేం కాదు. కొనుగోళ్లు నడుస్తున్నప్పుడు, రైతు భరోసా పడే ముందు పోర్టల్‌లో మార్పులు చేయొద్దు. మార్పు తప్పదంటే పదిహేను రోజుల ముందే రైతు వేదికల తెలుగులో రాసి అతికించాలి. సర్వర్ పనిచేయకపోతే ఆ మాట పొద్దున్నే పంచాయతీ మైకుల చెప్పాలి, రైతు కూలి పోగొట్టుకొని బస్సెక్కక ముందే. కొత్త ఆప్షన్ ఒక నెల ఆలస్యమైతే ఎవరి పంటా ఎండదు. దిద్దుబాటు ఒక నెల ఆగితే మాత్రం బ్యాంకు అప్పు ఆగుతది, పిల్ల పెండ్లి ఆగుతది.

మీరు కూడా ఒక పని చేయండి. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ రసీదు తీసుకొని నంబరు, తారీఖు పాసుపుస్తకంతోపాటు దాచుకోండి. తిరస్కరిస్తే కారణం రాసియ్యమని అడగండి. అప్పీలుకు పోయే రోజు ఆ కాగితమే చేతిల ఉండాలె.