నాపరాయి పొంగింది

పక్కింటివాళ్లు గచ్చుకి నాపరాళ్లు పరిపిస్తూ, కోసిన ముక్కలన్నీ గోడవారన పోయించారు. నాకసలే ఊరికే వచ్చేదంటే ప్రాణం. "పిన్నిగారూ, ఆ ముక్కలు మీకక్కర్లేదుగా?" అనడిగి, మేస్త్రీ చేత సుత్తితో కొట్టించి, ఎనిమిది బస్తాలు మిద్దెక్కించాను. మా రాళ్ల మడి కోసమన్నమాట.

అందులో మట్టి ఉండదండీ. తొట్టిలో చేపలు, దాని పక్కన ఎత్తు మీద మడి, మడినిండా రాళ్లు, రాళ్లలో మొక్కలు. చిన్న మోటారు చేపల నీళ్లని మడిలోకి తోస్తుంది. చేపలు వదిలే అమ్మోనియాని బాక్టీరియా ముందు నైట్రైటుగా, ఆ తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. దాన్ని మొక్క తినేస్తే, తేరిన నీళ్లు మళ్లీ తొట్టిలోకి దిగుతాయి. ఆక్వాపోనిక్స్ అంటే ఇంతే. ఆ బాక్టీరియా కాపురముండేది రాళ్ల మీదే గనక, రాయి మంచిదైతే సగం పనైపోయినట్టే.

నా రాయి మంచిది కాదు. నెల తిరిగేసరికి పాలకూర లేతాకులు పసుపుపచ్చగా అయిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. ఇనుము అందని లక్షణం. నీళ్ల పీహెచ్ చూస్తే 8 దాటింది. 7కి కాస్త అటూ ఇటూ ఉంటే చేపకీ మొక్కకీ సర్దుబాటు. 8కి ఎక్కాక నీళ్లలో ఇనుమున్నా మొక్కకి అందదు, అమ్మోనియా కూడా చేపలకి మరీ విషమవుతుంది.

అప్పుడు చేశాను, మొదటిరోజే చేయాల్సిన పని. ఒక ముక్క కడిగి, ఆరబెట్టి, గాజుగ్లాసులో వేసి మునిగేదాకా వెనిగర్ పోశాను. రాతి అంచుల నించి సన్నటి బుడగలు, సోడాలో లేచినట్టు బారులు కట్టి లేచాయి. "అమ్మా, రాయి పొంగుతోందేంటమ్మా?" అన్నాడు మేస్త్రీ నోరు తెరిచి. పొంగక ఏం చేస్తుంది, అది తాండూరు రాయి, సున్నపురాయి! తాండూరులో, ఎర్రగుంట్లలో, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే పెట్టారా? నర్సరీల్లో ముద్దుగా అమ్మే తెల్ల గులకరాళ్లనీ ఇలా చూడాల్సిందే. పాలరాతివైతే అవీ పొంగుతాయి.

హైదరాబాదులో ఉండి రాయి కోసం ఇంత గాలించడమేమిటని ఎవరైనా నవ్వుతారు. ఊరే గ్రానైటు బండ మీదుంది. ఇల్లు కట్టే నల్ల కంకర వెనిగర్‌లో వేస్తే ఉలకదు, పలకదు. 12 నించి 18 ఎంఎం మధ్య సైజు తీసుకోండి. బేబీ చిప్స్ అనే సన్న కంకర చవగ్గా దొరుకుతుంది గానీ, ఆ సందుల్లో చేపల మడ్డి ఇరుక్కుని నీళ్లు కదలవు, వాసనొస్తుంది. క్రషర్ పొడి పోయేదాకా కడగాలి. బియ్యం కడిగినట్టు నాలుగు నీళ్లతో తేలదు, నాకు ఒక పూట పట్టింది. కొబ్బరిపొట్టు మాత్రం ఈ మడిలో వద్దు, మురిగి గొట్టాలకి అడ్డం పడుతుంది.

ఇంతలో మా మరిది వచ్చాడు. వృత్తిరీత్యా ఇంజనీరు, అలవాటు రీత్యా బెదిరించేవాడు. "వదినా, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు మడిలో కంకరే మూడున్నర క్వింటాళ్లుంటుంది. నీళ్లు నిండితే నాలుగు దాటుతుంది. మనుషులు తిరిగే మిద్దెకి చదరపు మీటరుకి 150 కిలోల లెక్కేస్తాం, నీ మడి దగ్గర దగ్గర 600. కింద పడుకునేది మా అన్నయ్యే కదా!" మర్నాడే తొట్టితో సహా పెరట్లోకి దింపించాం. బస్తాలు ఎక్కించిన కూలీయే దింపుతూ నన్ను చూసిన చూపు ఉంది చూశారూ! మిద్దె మీదే పెట్టి తీరాలంటే కాల్చిన బంకమట్టి గోళీలున్నాయి, లెకా అంటారు. కంకర బరువులో మూడో వంతు కూడా ఉండవు, వేళ్లు గీరుకోవు. ధర మాత్రం కళ్లు తిరిగేటట్టుంటుంది. తొట్టి నీళ్ల బరువు మాత్రం అలాగే ఉంటుంది, ముందు ఇంజనీరునడగండి.

ఇక పెరట్లో మడి లోపల కొత్తగా పరిచే షీటు. నిజం చెప్పనా, నీలం డ్రమ్ముని నిలువునా కోసుకుంటే షీటే అక్కర్లేదు, అడుగు లోతు దానంతటదే వస్తుంది. అంతకుముందు అందులో ఏం పోశారో కనుక్కుని కొనాలంతే. నాకు చెక్క మడి అందం కావాల్సొచ్చింది, కాబట్టి పడ్డాను. "పాత ఫ్లెక్సీ ఉంది, పరిచేద్దాం" అన్నారు మా ఆయన. నాయకుడి నవ్వు మీద పాలకూర పెంచొచ్చు గానీ, అది పీవీసీ, దాన్ని మెత్తబరిచే రసాయనాలూ రంగులూ చేపల నీళ్లలోకెందుకు? అజొల్లా గుంతలో పరిచే సిల్పాలిన్ షీటు నయం. చెరువులకి వేసే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ఇంకా గట్టిది, కాకపోతే బిరుసు, మూలల్లో మాట వినదు.

కింద పాత బొంత పరిచి, పైన షీటు వదులుగా వేశాను. మూలలు కొయ్యకుండా, పుస్తకానికి అట్టేసినట్టు మడిచాను. అంచులు వెంటనే కత్తిరించలేదు. ముందు నీళ్లు నింపితే ఆ బరువుకి షీటు సర్దుకుని కిందకి జారుతుంది, బిగించి కొట్టేసి ఉంటే అక్కడే చిరిగేది. కారేదల్లా గొట్టాన్ని మడికి బిగించే ట్యాంక్ నిపుల్ దగ్గరే. పైపుకన్నా చిన్న కంతే పెట్టి, షీటుకి అటొక రబ్బరు వాషరు, ఇటొక రబ్బరు వాషరు వేసి మేస్త్రీ బిగించాడు.

రాళ్లు పొయ్యకముందు రాత్రంతా ఉత్త నీళ్లతో వదిలేశాం. పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకునే వెళ్లి నిపుల్ కింద వేలు పెట్టి చూశాను. పొడిగానే ఉంది. "కంకర పొయ్యనా అమ్మా, లేక ఇదీ వెనిగర్‌లో వేస్తారా?" అన్నాడు మేస్త్రీ. వేశాను.