సర్వరు మరచిపోవలసిన తాళపుచెవులు

గత ప్రవేశాల వారంలో మన కళాశాల వెబ్ సర్వరు రెండు పూటలు మొరాయించిన సంగతి విద్యార్థులు మరచి ఉండరు. దానిని సరిచేయవచ్చిన నిపుణుడు సెషన్ తాళపుచెవులను దాచి ఉంచే గడువును 5 నిమిషాల నుండి 24 గంటలకు పెంచి వెళ్ళాడు. కమిటీ పెద్దలు సంతోషించారు. మేము సంతోషించలేకపోయాము, కారణం విన్నవించడం మా విధి.

బ్రౌజరు సురక్షిత సర్వరును తొలిసారి పలకరించినపుడు పెద్ద తతంగమే నడుస్తుంది. సర్వరు తన ధ్రువపత్రం చూపాలి, తన రహస్యపు తాళపుచెవితో సంతకం చేయాలి, ఉభయులూ కలిసి ఆ సంభాషణకొక కొత్త తాళపుచెవిని కల్పించుకోవాలి. యంత్రాన్ని అలసట పెట్టేవి ఈ లెక్కలే. వచ్చినవాడే మరల వచ్చినపుడు ఈ శ్రమ తప్పించడానికి కాష్ ఏర్పడింది. మంచి సదుపాయమే. దరఖాస్తు నింపే విద్యార్థి పేజీ వెంట పేజీ తెరుస్తూ కొద్ది నిమిషాలలోనే తిరిగి వస్తాడు గనుక అతనికి 5 నిమిషాలు చాలు; మనం వాడే అపాచీ సర్వరు తనంతట తాను ఉంచే గడువూ 300 సెకన్లే. క్రొత్తగా వచ్చేవారి విషయంలో గడువు ఎంత పెంచినా ఒరిగేదేమీ లేదు. పెంచినందువల్ల జరిగినదల్లా, సర్వరులో చొరబడిన దొంగకు ఒక దినమంతటి తాళపుచెవులు ఒక్కచోట దొరికే ఏర్పాటు.

చూడవలసినది వేరొకటి ఉన్నది. సర్వరులో పనిచేసే ప్రక్రియలన్నిటికీ కాష్ ఉమ్మడిగా ఉండాలి. లేనిచో ఒకరికి పరిచయమైన అతిథిని ప్రక్కవాడు ఎరుగడు. ఎంజిన్‌ఎక్స్ వారి లెక్కలో ఒక మెగాబైటుకు సుమారు 4000 సెషన్లు ఇముడుతాయి. ఆ లెక్కన మనకు 10 మెగాబైట్లు పుష్కలం.

టికెట్ల సంగతి మరింత గడ్డు. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సి 5077 పద్ధతిలో సర్వరు ఏదీ దాచుకోదు; సెషన్ వివరాలను మూటగట్టి, తాళం వేసి, బ్రౌజరుకే ఇచ్చి పంపుతుంది. మూటలన్నిటికీ తాళపుచెవి ఒక్కటే. సర్వరును నెలల తరబడి ఆపక నడిపితే అది మారదు. అది పరుల చేత చిక్కినచో, టిఎల్‌ఎస్ 1.2 పద్ధతిలో ఆ టికెట్లతో సాగి, దారిలో ఎవరో పట్టి దాచిన పాత సంభాషణలన్నీ తెరుచుకొంటాయి. 2018లో వెలువడిన టిఎల్‌ఎస్ 1.3లో ఈ ముప్పు చాలవరకు తగ్గినది నిజమే. కాని పాత ఫోన్ల కొరకని 1.2ను మనం ఇంకా తెరచియే ఉంచాము కదా!

ఆ సంభాషణలలో ఉన్నవి పిల్లల ఆధార్ సంఖ్యలు, తల్లిదండ్రుల ఆదాయ పత్రాలు, స్కాలర్‌షిప్ పడే బ్యాంకు ఖాతాలు. మన ఇళ్ళలో ఇటువంటిదానిని అమానతు అంటారు. అమానతు పెట్టె తాళపుచెవిని వాకిట వ్రేలాడదీసిన పెద్దలను మేము చూడలేదు.

కనుక గడువు మరల 5 నిమిషాలకు రావాలి. టికెట్లు ఆపివేయాలి; లేదా సర్వరును ప్రతి రాత్రి పునఃప్రారంభించాలి. రోజుకొకసారి వంటి తగిన వ్యవధిలో అట్లు చేయనిచో రక్షణ సడలుతుందని అపాచీ వారి పత్రాలే హెచ్చరిస్తున్నాయి. ఈ పనికి బాధ్యులెవరో వారి పేరును రాబోయే సమావేశంలో కమిటీ తీర్మానాల పుస్తకంలో వ్రాయించవలసినదిగా కోరుతున్నాము.