సలాలా దారిలో ఒక పాత కథ

పిల్లలూ, ఖరీఫ్ వస్తే చాలు, మనవాళ్లంతా సలాలా ప్రయాణం కడతారు కదా! పోయిన ఏడాది మేమూ అల్ హైల్‌లో తెల్లవారుజామున నాలుగింటికే కారెక్కాం. కట్టుకున్న పులిహోర ఆదం చేరేసరికే ఖాళీ! హైమా దాటాక కనుచూపు మేర ఇసుకే. తుమ్రైత్ దాటి కొండ దిగుతుంటే మాత్రం పొగమంచు, పచ్చదనం. అంతలో ఒంటెలు అడ్డొచ్చి పది నిమిషాలు ఆగాం. "ఇంకెంతసేపు?" అని మావాడు విసుక్కున్నాడు. అప్పుడు చెప్పాను ఈ కథ.

తుమ్రైత్‌ను ఒకప్పుడు మిడ్‌వే అనేవారు. చమురు వెతికేవాళ్ల మకాం అది. అక్కడినుంచి సలాలాకు కొండల మీదుగా ఒక మట్టిబాట ఉండేది. 1965లో దోఫార్‌లో తిరుగుబాటు మొదలైంది. 1970 నాటికి కొండలన్నీ తిరుగుబాటుదారుల చేతిలోకి పోయాయి, బాట తెగింది. సలాలాలోని సైన్యానికి సరుకులు విమానాల్లోనో, ఓడల్లోనో రావాల్సిందే. ఖరీఫ్‌లో సముద్రం పోటెత్తితే ఓడలకూ కష్టమే. మనం ముచ్చటపడి చూడబోయే వానాకాలమే వాళ్లకు గండం!

1973 డిసెంబరులో ఇరాన్ షా పంపిన సేనల సాయంతో ఆ దారి మళ్లీ తెరుచుకుంది. దారి పొడవునా కాపలా పెట్టారు. 1975 డిసెంబరులో యుద్ధం ముగిసినట్టు ప్రకటించారు. ఇంకో మాట: 1970లో ఒమన్ మొత్తంలో తారురోడ్డు పది కిలోమీటర్లే ఉండేదట!

"మరి ఆ కాపలావాళ్లకి అన్నం ఎవరు తెచ్చేవాళ్లు?" అన్నాడు మావాడు. నేను జవాబు వెతుక్కునేలోపు ఒంటెలు తప్పుకున్నాయి.