చెరువు కడుపులో వెలసిన కాలనీలు

మహానగరాల వైభవాన్ని గురించి వ్రాసేవారు తరచుగా నగర మధ్యంలో నిలబడి వ్రాస్తారు. హైదరాబాదు విషయంలోనైతే చార్మినారు వద్ద ఆరంభించి, మూసీ దాటి, హుసేన్ సాగర్ మీదుగా మాదాపూరు అద్దాల మేడలకు చేరి అక్కడ కలం ఆపుతారు. చార్మినారుకు దక్షిణంగా ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బార్కస్ దాటి షాహీన్ నగర్, జల్‌పల్లి, పహాడీ షరీఫ్ వరకు ఎడతెగకుండా సాగిపోయిన మరొక నగరం ఉన్నదన్న సంగతి వారికి తోచదు. మన విద్యార్థులలో ఎందరో ప్రతి ఉదయం ఆ నగరం నుంచే బస్సు ఫుట్‌బోర్డుల మీద, షేర్ ఆటోల అంచుల మీద కూర్చొని తరగతికి వస్తున్నారు. కనుక ఈ వార్షిక సంచికలో దానిని గురించి నాలుగు మాటలు వ్రాయడం అవసరమని తలచాము.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన తరువాత, పాతనగరం నుంచి అక్కడికి పోయే కార్లు చాంద్రాయణగుట్ట మీదుగా షాహీన్ నగర్ దారినే పోతున్నాయి. దారికి ఇరువైపులా దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు, దీపాలు. దారి దిగి రెండు వందల అడుగులు లోపలికి నడిస్తే చాలు, వేరొక లోకం. మురుగు కాలువకు మూత లేదు. కొన్ని సందులలో కాలువే లేదు, సందే కాలువ. ట్యాంకరు వచ్చిన రోజున నీటి పండుగ. రెండు గదుల ఇంట్లో మూడు సంసారాలు. ఇంటి ఆడపడుచులు గుమ్మంలో కూర్చొని లక్క గాజులకు అద్దాలు అతుకుతారు, అగరుబత్తీలు చుడతారు, జర్దోజీ చట్రం మీద వంగి కళ్లు పోగొట్టుకుంటారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించిందని పత్రికలలో చదివి అందరం సంతోషించాము. ఆ గాజును అతికిన చేతికి డజను లెక్కన వచ్చే కూలి మాత్రం ఆ గుర్తింపును ఎరుగదు. ఇక ఉత్తరాన కంచన్‌బాగ్ ప్రహరీ. ఆ గోడకు ఆవల దేశరక్షణకు క్షిపణులు రూపొందించే సంస్థలు, 1973లో నెలకొల్పిన మిశ్రధాతు నిగమ్. ఈవల మొదటి వానకే మురుగు నీరు గడప దాటే బస్తీలు. ఒకే పిన్‌కోడు పరిసరాలలో ఇంత విజ్ఞానమూ, ఇంత దైన్యమూ పక్కపక్కనే కాపురం చేయడం మన కాలపు విచిత్రం.

ఈ ప్రాంతాలను చూసినవారు ‘శిథిలమైపోయినవి’ అంటారు. ఆ మాట మాకు సమ్మతం కాదు. శిథిలం కావడానికి ముందు ఒకప్పుడు బాగుండాలి గదా! షా అలీ బండలోని పాత దేవిడీ శిథిలమైనదంటే అర్థమున్నది. ఇరవై ఏండ్ల క్రితం కట్టిన ఇల్లు, కట్టిన నాటి నుంచే నీరూ దారీ హక్కూ లేకుండా పుట్టినది, శిథిలం ఎట్లా అవుతుంది? అది పుట్టుకతోనే రోగి. ఆ రోగానికి మూలం ఆ ఇంటివారి సోమరితనంలోనో, శుభ్రత తెలియకపోవడంలోనో లేదు. ఒక కాగితంలో ఉన్నది. ఆ కాగితంలోని ఒక్క మాటలో ఉన్నది.

ఆ మాట ‘శిఖం’.

తెలంగాణ భూమి రికార్డులను చూసినవారికి ఇది తెలిసిన పదమే. చెరువు నిండినప్పుడు నీరు పరచుకొనే నేలను శిఖం భూమి అంటారు. ఇది తెలుగు మాట కాదు. పారశీకంలో ‘శికమ్’ అనగా కడుపు. కడుపునిండినవానిని ఉర్దూలో ‘శికమ్ సేర్’ అంటారని మన ఉర్దూ విద్యార్థులకు తెలుసు. చెరువు కడుపే శిఖం. నిజాం కాలపు రెవెన్యూ గుమాస్తాలు ఎంత చక్కని పేరు పెట్టినారో! కడుపులోనికి నీరు రాక తప్పదు. అక్కడ ఇల్లు కట్టరాదని ఆ మాటే హెచ్చరిస్తున్నది. అయితే ఆ హెచ్చరిక నేడు తెలుగు లిపిలో ఉన్నది. మాటను విని అర్థం చేసుకోగలవారు లిపిని చదవలేరు. లిపిని చదవగలవారికి మాట అర్థం కాదు. ఈ రెండింటి నడుమ మధ్యవర్తి నిలబడి ప్లాట్లు అమ్ముకున్నాడు.

అమ్మిన తీరు కూడా చెప్పవలసి ఉన్నది. స్థిరాస్తి విక్రయానికి రిజిస్ట్రేషన్ తప్పదని 1908 నాటి చట్టం చెబుతున్నది. శిఖం భూమికి, ప్రభుత్వ భూమికి, వక్ఫ్ భూమికి రిజిస్ట్రేషన్ జరగదు. అవి నిషేధిత జాబితాలో ఉంటాయి. కనుక మధ్యవర్తి స్టాంపు కాగితం మీద అమ్మకపు ఒప్పందం వ్రాయించి నోటరీ ముద్ర వేయిస్తాడు. ఎర్రని ముద్ర, సాక్షుల సంతకాలు, వేలిముద్రలు - చూడడానికి దస్తావేజు వలెనే ఉంటుంది. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన సొమ్ము, కోడలి మెడలోని బంగారం, చిట్టీ ఎత్తిన డబ్బు అన్నీ కలిపి అరవై గజాలు కొన్నవాడు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకుంటాడు. అందులో సర్వే నెంబరు ఉంటుంది. ఆ నెంబరుకు పహాణీలో ఏమి వ్రాసి ఉన్నదో అతనికి చదివి చెప్పేవాడు లేడు.

‘కొనేముందు విచారించుకోవద్దా?’ అని అడిగే పెద్దలు ఉన్నారు. సరే, అతడు విచారించలేదనే అనుకొందాము. ఆ ఇంటికి కరెంటు మీటరు బిగించినవారు విచారించినారా? ఇంటి పన్ను రసీదు ఇచ్చినవారు? వోటర్ల జాబితాలో ఇంటి నెంబరు వేసినవారు? ప్రభుత్వం ఒక చేతితో రసీదు ఇస్తూ రెండవ చేతితో ఆక్రమణదారుడు అని వ్రాస్తున్నది. 2024 జూలైలో చెరువుల పరిరక్షణకు హైడ్రా ఏర్పడిన తరువాత ఈ రెండవ చేయి చురుకైనది. చెరువులు బ్రతకవలెననే మేమూ కోరుతాము. ఎందుకు కోరమో క్రింద చదివితే తెలుస్తుంది. కానీ 2024 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం కూల్చివేతకు ముందు పదిహేను దినాల నోటీసు ఇవ్వాలని తీర్పు చెప్పినప్పుడు, జలాశయాల మీది అనధికార కట్టడాలకు ఆ నియమం వర్తించదని కూడా చెప్పినది. కడుపులో ఇల్లు కట్టుకున్నవానికి ఆ పదిహేను దినాలూ లేవు. ప్లాటు అమ్మినవాని ఇల్లు మాత్రం ఎత్తైన నేల మీదనే ఉంటుంది.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ విషయాన్ని తేటతెల్లం చేసినది. మైలార్‌దేవ్‌పల్లి వద్ద పల్లె చెరువు పొంగి దిగువ బస్తీల మీద పడినది, మనుషులు కొట్టుకుపోయినారు. నాలుగు దినాలకే బాలాపూరు వైపు గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ దాకా నీరు కమ్మినది. అల్ జుబైల్ కాలనీలో మొదటి అంతస్తు వారు మేడమీది వారింట రోజుల తరబడి తలదాచుకున్నారు. కాలనీకి అరబ్బు రేవు పట్టణం పేరు పెట్టుకున్నది అక్కడి సంపాదనతో ఇండ్లు కట్టినందుకు. ఆ సంపాదనంతా బురదలో కలిసినది. ప్రభుత్వం ఇంటికి పదివేల రూపాయలు ప్రకటించినది. నవంబరులో నగర పాలక ఎన్నికల ప్రకటన రాగానే ఆ పంపిణీ ఆగినది. చెరువు మాత్రం తన కడుపు ఎక్కడ ఉన్నదో మరచిపోలేదని ఆ వారంలో అందరికీ తెలిసినది.

ఈ నగరానికి వరద క్రొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ తరువాత జరిగినదేమి? విశ్వేశ్వరయ్యను పిలిపించినారు. ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టినారు. 1912లో నగరాభివృద్ధి సంస్థను స్థాపించి, ఇరుకు బస్తీలను తొలగించడంతో పాటు తొలగించినవారికి చౌక ఇండ్లు కట్టించే పని కూడా దానికే అప్పగించినారు. ఆ రోజులను స్వర్ణయుగమని పొగడడం మా ఉద్దేశం కాదు; రాచరికపు లోపాలు రాచరికానివి. అయినా కూల్చే చేయి, కట్టే చేయి ఒకే సంస్థకు ఉండేవన్నది గమనించదగినది. నేడు కూల్చడానికి ఒక సంస్థ, పన్నుకు ఒక సంస్థ, నీటికి ఒక సంస్థ, భూమికి ఒక శాఖ. షాహీన్ నగర్ సంగతి మరీ విచిత్రం. 2007లో మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు గీత దానికి ఇవతలే ఆగినది. నగరమంత జనం పెరిగినా అది పంచాయతీగానే ఉండి, 2016లో జల్‌పల్లి పురపాలక సంఘంలో చేరి, 2025 చివర మహానగరంలో కలిపిన 27 పురపాలక సంస్థలలో ఒకటిగా విలీనమైనది. పదేండ్లలో మూడు బోర్డులు మారినవి. మురుగు కాలువ మారలేదు.

ఇంతవరకు చెప్పినది చాలామందికి తెలిసినదే కావచ్చు. మాకు అసలు చెప్పవలసినది మన కళాశాలను గురించి. తెలుగు, ఉర్దూ రెండూ ఒకే కప్పు క్రింద బోధించే విద్యాలయం మనది. ఈ పత్రికకే ఎడమనుంచి ఒక ముఖం, కుడినుంచి ఒక ముఖం. పహాణీని చదవడానికి కావలసిన రెండు కళ్లూ మన దగ్గర ఉన్నాయి. తెలుగు తరగతిలో మేము మనుచరిత్ర పద్యానికి ప్రతిపదార్థం చెప్పిస్తాము, అది చెప్పించవలసినదే. కానీ పహాణీ, ఇనాం, మక్తా, ఖారిజ్ ఖాతా, మున్‌తఖబ్, శిఖం - ఈ మాటలకు ప్రతిపదార్థం తెలియని పట్టభద్రుడు తన తండ్రి బీరువాలోని కాగితాన్ని ఎట్లా చదువుతాడు? 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండవ అధికార భాష చేసినారు. భూమి రికార్డు ఉర్దూ లిపిలో ఇంటికి వచ్చేదాకా ఎదురుచూడడం కంటే, మన పిల్లలే రెండు లిపులలో చదివి చెప్పడం దగ్గరి దారి.

కనుక కమిటీ పెద్దలకు మా విన్నపం. జాతీయ సేవా పథకం వారి ఏడు దినాల శిబిరం ఈసారి దూరపు గ్రామానికి కాక జల్‌పల్లి బస్తీలకు పోవాలి. అక్కడ మొక్కలు నాటి ఫొటోలు దిగడం కాక, ఏ సందు ఏ సర్వే నెంబరులో ఉన్నదో, చెరువు పూర్తి నీటి మట్టపు గీత ఎక్కడ పోతున్నదో ఇంటింటికీ చెప్పాలి. రెండవది, ప్రతి శనివారం మధ్యాహ్నం మన పఠన మందిరంలో ఒక బల్ల వేసి, ఒక తెలుగు విద్యార్థి, ఒక ఉర్దూ విద్యార్థి కలిసి కూర్చొని, ప్లాటు కొనబోయేవారు తెచ్చిన కాగితాలను కొనకముందే చదివి పెట్టాలి. దీనివల్ల కళాశాలకు రాజకీయాలు అంటుకుంటాయని కొందరు సంకోచించవచ్చు. కాగితం చదవడం రాజకీయం కాదు. చదవనివ్వకపోవడంలోనే ఏదో ఉన్నది. కమిటీలో భూముల వ్యవహారం క్షుణ్ణంగా తెలిసిన పెద్దలు ఉన్నారు. వారే వచ్చి పిల్లలకు మొదటి రెండు పాఠాలు చెబితే మాకంటే బాగా చెప్పగలరు.

బల్లకు, నాలుగు కుర్చీలకు, గ్రామ పటాల నకళ్ల రుసుముకు అయ్యే ఖర్చు లెక్క వేసి ప్రిన్సిపాలు గారికి విడిగా అందజేసినాము. పేర్లు ఇచ్చిన విద్యార్థులు పదునొకండుగురు. వారిలో ఆరుగురు బాలికలు, నలుగురు షాహీన్ నగర్ వారే. జూన్ వానలకు ముందే అనుమతి లభిస్తే శిబిరాన్ని వేసవి సెలవులలోనే జరుపగలము.