మనవాడా? మంచివాడా?



ఎన్నికలు వచ్చాయంటే మన పల్లెల్లో ముందుగా పుట్టే ప్రశ్న ఒకటే: "నిలబడినాయన మనవాడేనా?" మనవాడంటే మన కులంవాడు, మన పేటవాడు, మన సంఘంవాడు. లేదంటే మన పెద్దలు వేలుపెట్టి చూపించినవాడు. సర్పంచి మొదలు పార్లమెంటు సభ్యుని వరకు మనలో చాలామంది ఈ కొలతతోనే మనుషులను కొలుస్తున్నారు. మన దేశంలో రాష్ట్రపతికి మనం నేరుగా ఓటు వేయము. మన ఎం.ఎల్.ఏ.లు, ఎం.పీ.లు వేస్తారు. అమెరికాలో అయితే అధ్యక్షుని ఎన్నికకు పల్లెటూరి రైతు కూడా వెళ్ళి ఓటు వేస్తాడు. అక్కడ 1960లో ఈ 'మనవాడేనా' అన్న ప్రశ్న ఒక సంఘకాపరిని నిలదీసింది. ఆయన తన ఓటు ఎందుకు మార్చుకున్నారో ఈ నెల చెప్పుకుందాము.

ఆ కాపరి మార్టిన్ లూథర్ కింగ్ సీనియర్. లోకమంతా ఎరిగిన మార్టిన్ లూథర్ కింగ్ గారికి కన్నతండ్రి. జార్జియా రాష్ట్రంలో కౌలుకు దున్నుకునే బీద నల్లజాతి కుటుంబంలో పుట్టి, చదువుకుని, అట్లాంటా నగరంలోని ఎబెనెజర్ బాప్టిస్టు సంఘానికి 1931 నుండి కాపరిగా ఉన్నారు. నల్లవారికి ఓటు హక్కు కావాలని కొడుకుకంటే ఎంతో ముందే పోరాడిన మనిషి. ఓటు విలువ ఆయనకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఆ ఏడాది అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీపడ్డారు. రిపబ్లికన్ పార్టీ నుండి రిచర్డ్ నిక్సన్, డెమోక్రటిక్ పార్టీ నుండి జాన్ కెన్నెడీ. కెన్నెడీ రోమన్ కాథలిక్కు. అప్పటికి ఆ దేశంలో కాథలిక్కు ఒక్కడు కూడా అధ్యక్షుడు కాలేదు. 1928లో ఆల్ స్మిత్ అనే కాథలిక్కు నిలబడి ఓడిపోయాడు. కాథలిక్కు గెలిస్తే దేశాన్ని పోపుగారు నడిపిస్తారని చాలామంది ప్రొటెస్టంట్లు భయపడ్డారు. 1960 సెప్టెంబరులో సుమారు 150 మంది ప్రొటెస్టంటు పెద్దలు వాషింగ్టనులో కూడుకుని ఈ భయాన్నే బయటపెట్టారు. అదే నెల 12వ తేదీన కెన్నెడీ హ్యూస్టన్ నగరంలో ప్రొటెస్టంటు పాదిరీల ఎదుట నిలబడి, తన మతం తన సొంత విషయమనీ, దేశపు పనిలో తమ చర్చి పెద్దల ఆజ్ఞలు తీసుకోననీ చెప్పారు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు.

పెద్ద కింగ్ గారు నమ్మనివారిలో ఒకరు. పైగా బానిసత్వాన్ని తీసివేసిన లింకన్ గారి పార్టీ రిపబ్లికన్ పార్టీ. ఎందరో నల్లవారికి తరతరాలుగా అదే 'మన పార్టీ'. అందుచేత తన ఓటు నిక్సన్‌కే అని ఆయన చెప్పేశారు.

అంతలో అక్టోబరు 19న అట్లాంటాలో ఒక సంగతి జరిగింది. అక్కడ రిచ్స్ అనే పెద్ద దుకాణం ఉండేది. నల్లవారు అక్కడ డబ్బులిచ్చి సామాను కొనుక్కోవచ్చు, కానీ లోపల తెల్లవారి సరసన కూర్చుని తినరాదు. టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతిని చూసిన మన పెద్దలకు ఇది విడమరచి చెప్పాలా? విద్యార్థులు, వారితోపాటు చిన్న కింగ్ గారు అక్కడికి వెళ్ళి, తమకూ వడ్డించమని కూర్చున్నారు. అందరినీ అరెస్టు చేశారు. తరువాత మిగిలినవారిని విడిచిపెట్టారు కానీ కింగ్ గారిని విడిచిపెట్టలేదు. అంతకుముందు అలబామా లైసెన్సుతో జార్జియాలో కారు నడిపారని ఆయనకు 25 డాలర్ల జరిమానా వేసి, ఏడాదిపాటు ఏ తప్పూ చేయరాదని షరతు పెట్టి ఉన్నారు. ఆ షరతు తప్పారని చెప్పి జడ్జి నాలుగు నెలల కఠిన శిక్ష వేశాడు. తెల్లవారకముందే సంకెళ్ళు వేసి 200 మైళ్ళకు పైగా దూరాన ఉన్న రీడ్స్‌విల్ జైలుకు తీసుకుపోయారు. ఆ రోజుల్లో అటువంటి జైలుకు వెళ్ళిన నల్లవాడు ప్రాణాలతో తిరిగివస్తాడన్న నమ్మకం లేదు. ఆయన భార్య కొరెట్టా గారు అప్పుడు గర్భవతి.

అక్టోబరు 26న కెన్నెడీ ఆమెకు ఫోను చేశారు. రెండు నిమిషాలైనా పట్టని మాట అది. మీ కష్టం మాకు తెలిసింది, చేయగలిగింది ఉంటే చెప్పండి అన్నారు. ఈ సంగతి పొక్కితే దక్షిణ రాష్ట్రాల తెల్లవారి ఓట్లు పోతాయని ఆయన మనుషుల్లోనే కొందరు భయపడ్డారు. ఆయన తమ్ముడు రాబర్ట్ మొదట కోపగించుకున్నాడు, ఆపైన తానే జడ్జికి ఫోను చేశాడు. మరునాడు 2,000 డాలర్ల పూచీ మీద కింగ్ గారు బయటికి వచ్చారు. ఆయనను మునుపే ఎరిగిన నిక్సన్ మాత్రం బయటికి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అప్పుడు పెద్ద కింగ్ గారు అందరి ఎదుట తేల్చి చెప్పారు. మతాన్ని బట్టి ఈయనకు ఓటు వేయకూడదనుకున్నాను, కానీ నా కోడలి కన్నీరు తుడిచినవాడు కాథలిక్కైనా సరే, నా ఓటు ఆయనకే అన్నది ఆయన మాటల సారాంశం. కింగ్ గారి తండ్రికి ఇంత మతద్వేషమా అని కెన్నెడీ ఆశ్చర్యపడి, మనందరికీ తండ్రులున్నారు కదా అని నవ్వారట.

ఇక్కడ మీలో ఒకరు అడగవచ్చు: "అయ్యగారూ, కొడుకును విడిపించాడని ఓటు వేయడం, సారా పాకెట్టుకో ఐదువందల నోటుకో ఓటు వేయడం రెండూ ఒకటి కావా?" న్యాయమైన ప్రశ్నే. ఆ ఫోనును కెన్నెడీ పక్షం వాడుకోలేదని కూడా మేము చెప్పము. ఎన్నికకు ముందు ఆదివారం నాడు నల్లవారి గుడుల దగ్గర నీలం కాగితం మీద అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని పెద్ద ఎత్తున పంచారు. అందులో ఉన్నది ఈ కథే. నవంబరు 8న సుమారు 6 కోట్ల 88 లక్షల ఓట్లు పడితే, కెన్నెడీకి వచ్చిన ఆధిక్యం దాదాపు 1 లక్ష 12 వేలు మాత్రమే.

అయినా రెండింటికీ తేడా ఉంది. నోటు ఇచ్చేవాడు తనకు నష్టం రాకుండా మన నోరు మూయిస్తాడు. నష్టం వస్తుందేమో అని తెలిసి కూడా బలహీనుని పక్షాన నోరు విప్పినవాడు తన గుణాన్ని కొంతైనా బయటపెట్టుకుంటాడు. పెద్ద కింగ్ గారు చూసింది ఆ గుణాన్ని. మంచి సమరయుని ఉపమానంలో దారిపక్కన పడి ఉన్నవానిని చూసి ఆగినవాడు స్వజనుడు కాడు. స్వజనులైనవారు పక్కనుండి వెళ్ళిపోయారు. ఆ ఉపమానం మీద ప్రసంగాలు చేసిన కాపరికి అది తన ఇంటి గుమ్మంలోనే ఎదురైంది.

చిన్న కింగ్ గారి ప్రవర్తన కూడా గమనించదగినది. ఆయన కెన్నెడీకి బహిరంగంగా కృతజ్ఞత చెప్పారు, కానీ ఫలానావారికి ఓటు వేయండని ప్రజలకు చెప్పలేదు. కృతజ్ఞత వేరు, నాయకత్వం వేరు. ప్రసంగ వేదిక మీద నుండి పార్టీ పేరు పలుకుతున్న మా తోటి సేవకులు దీనిని ఆలోచించాలని మా మనవి.

ఓటు వేయగానే పని తీరిపోదు. ప్రభుత్వ సహాయంతో కట్టే ఇళ్ళలో జాతి వివక్షను ఒక్క కలం పోటుతో తీసివేయవచ్చని కెన్నెడీ ప్రచారంలో అన్నారు. గెలిచాక 1962 నవంబరు దాకా ఆ సంతకం పెట్టలేదు. ఈలోగా జనం ఆయనకు పోస్టులో కలాలు పంపించారు! ఓటు వేసినవారు అలా గుర్తుచేస్తూ ఉండాలి. పౌరహక్కుల చట్టం 1964లో, ఓటు హక్కు చట్టం 1965లో వచ్చాయి. అప్పటికి కెన్నెడీ హత్యకు గురయ్యారు. వాటిమీద సంతకం పెట్టినవాడు జాన్సన్. వాటిని సాధించినది రోడ్డెక్కిన ప్రజలు.

కాబట్టి ప్రియులారా, ఓటుకు ముందు రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత భార్యాభర్తలు, పెద్దపిల్లలు కూర్చుని మూడు సంగతులు మాట్లాడుకోండి. ఈయన పేరు, కులం, సంఘం పక్కన పెడితే, ఈయనను ఎన్నుకోవడానికి మనకు ఇంకేమి కారణం మిగులుతుంది? దిక్కులేనివానికి కష్టం వచ్చిన రోజున ఈయన ఎక్కడ ఉన్నాడు? మనకు మేలు చేశాడు సరే, మన ఇంటి కష్టం లేని పొరుగువాడికి కూడా ఆ మేలు అందుతుందా?

జవాబులు ఇంట్లో అందరివీ ఒకటి కాకపోవచ్చు. ఇంటి యజమాని చెప్పినచోటే అందరూ ముద్ర వేయాలని దేవుడూ చెప్పలేదు, చట్టమూ చెప్పలేదు. ఎవరి మనస్సాక్షికి వారు జవాబు చెప్పుకుని బూతుకు వెళ్ళండి. సొంత కారణాలు ఉండడం తప్పు కాదు. అయితే ఆ కారణాన్ని దేవుని ఎదుట పైకి చెప్పగలగాలి. అట్టి తెలివిని, ధైర్యాన్ని ప్రభువు మన కుటుంబాలకు దయచేయును గాక. ఆమేన్.