కాయ చల్లబడాల్సింది ఓడలో కాదు, ఊళ్లోనే

"ప్రకృతి సేద్యం మామిడి ఓడ ప్రయాణం తట్టుకుంటుందా?" అని చాలామంది అడుగుతున్నారు. తట్టుకుంటుంది, కానీ సగం పని మన ఊళ్లోనే అయిపోవాలి.

మొదటిసారి నేను ఎండలో కోసిన బంగినపల్లిని వేడిమీదే రీఫర్ కంటైనర్‌కి ఎక్కించాను. దుబాయ్‌లో తలుపు తీసేసరికి సగం కాయలు మెత్తబడ్డాయి. తప్పు ఓడది కాదు, నాదే. రీఫర్ ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందంతే, కాయలోని వేడిని గబగబా లాగేయలేదు.

అందుకే చల్లపూట కోసి, ప్రీకూలింగ్ గదిలో 13 డిగ్రీలకు దించాకే ఎక్కించాలి. అలాగని మరీ చల్లగా పెట్టొద్దు. 10 డిగ్రీల కిందకు పోతే తొక్క మచ్చలు పడి, కాయ సరిగా పండదు. మైనస్ 18 అనేది గడ్డకట్టించిన గుజ్జుకి మాత్రమే.

నా మాట ఒక్కటే: పదిమంది కలిసి ముందు ప్రీకూలింగ్ గది కట్టుకోండి, ఆ తర్వాతే విదేశీ ఆర్డర్ పట్టండి. గది ఎలా ఉండాలో పై వీడియోలో చూపించాను.